మిషన్ ట్రిప్‌లో కాన్పుల క్లినిక్‌కి సేవకు వెళ్తున్నారా? కెన్యా వెళ్లేవాళ్లకు వరసగా చేయాల్సిన పనులు

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర ఎవరో ఒకరు ఆపుతారు. "అక్కా, మా యూత్ టీమ్ కెన్యా పోతోంది. కాన్పుల క్లినిక్‌లో రెండు వారాలు సేవంట. మాకు నర్సింగ్ రాదు గదా, పోయి ఏం చేస్తాం?" కావలి నుంచి, ఒంగోలు నుంచి ఫోన్లు కూడా ఇదే ప్రశ్నతో వస్తాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇది రాస్తున్నాను.

నెల్లూరు జిల్లాలో కాన్పుల వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను. పడమటి కెన్యాలోని ఒక చిన్న క్లినిక్‌కి రెండుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి చేసిన తప్పులు రెండోసారి చేయలేదు. మీరు మొదటిసారే చేయకుండా ఉంటే నాకు సంతోషం.

ముందుగా ఒక గీత గీసుకోండి. నెల్లూరు పెద్దాసుపత్రిలో మిమ్మల్ని ముట్టుకోనివ్వని పనిని అక్కడా ముట్టుకోకూడదు. ఇక్కడ సూది వేయనివ్వనివాళ్లు అక్కడ వేయకూడదు. ఇక్కడ బిడ్డను పట్టనివ్వనివాళ్లు అక్కడ పట్టకూడదు. "అక్కడ డాక్టర్లు తక్కువ కదా, మేం చేసినా నయమే" అనేవాళ్లను చూశాను. కెన్యాలో శిక్షణ పొందిన నర్సులు, మంత్రసానులు ఉన్నారు. క్లినికల్ ఆఫీసర్లు అని డాక్టర్ తరవాతి స్థాయి ఉద్యోగులు కూడా ఉంటారు. వాళ్లకు కావాల్సింది నీళ్లు మోసే చేతులు, నేల తుడిచే చేతులు, తల్లి నడుము రాసే చేతులు.

కావాల్సినవి

- తిరిగొచ్చే తేదీ తరవాత కూడా కనీసం 6 నెలలు చెల్లే పాస్‌పోర్ట్. పాత ఇంటిపేరుతో ఉంటే ఇప్పుడే మార్పించుకోండి.
- ఈటీఏ, అంటే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి. 2024 జనవరి నుంచి కెన్యాకు పాత పద్ధతి వీసా లేదు, ఆన్‌లైన్‌లో ఈ అనుమతే తీసుకోవాలి. ఎందుకు వస్తున్నారు అన్న చోట నిజం రాయండి. "టూరిస్ట్ అని కొట్టేయండి, ఎవరూ చూడరు" అని టీమ్ లీడర్ చెప్పినా వినొద్దు. సేవకు ఏ అనుమతి కావాలో క్లినిక్ వాళ్లనే రాతపూర్వకంగా అడగండి.
- పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్. తల్లీబిడ్డల దగ్గర పనిచేసేవాళ్లను ఇది అడగని క్లినిక్ అంటే నాకు అనుమానమే.
- కడిగితే ఆరిపోయే, వేళ్లు కప్పే చెప్పులు. మోచేతి పైకి ఉండే చేతుల నూలు దుస్తులు రెండు మూడు జతలు. చీర, చున్నీ వద్దు, నేల మీది తడి అంతా వాటికే అంటుకుంటుంది.
- తలకు కట్టుకునే టార్చ్. కరెంటు పోవడం మనకు కొత్తేం కాదుగా.
- జేబుకు తగిలించుకునే గడియారం. గాజులు, ఉంగరాలు, వాచీ ఇంట్లోనే పెట్టి వెళ్లండి.

తీసుకెళ్లకూడనివి కూడా చెప్తాను, ఎందుకంటే ప్రతి టీమూ ఇవే మోస్తుంది: పాలపొడి డబ్బాలు, పాలసీసాలు, తేదీ దగ్గరపడ్డ మందులు, ఎవరో ఇచ్చిన పాత పరికరాలు. పాలపొడి పంచడం మీద మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది, కెన్యాలో 2012 నుంచి ఉంది. మంచి మనసుతో ఇచ్చిన డబ్బా అయిపోయాక తల్లి దగ్గర పాలూ ఉండవు, డబ్బా కొనే డబ్బూ ఉండదు.

1. ఆరు నెలల ముందు: క్లినిక్‌ని నాలుగు ప్రశ్నలు అడగండి

టీమ్ లీడర్‌ని కాదు, క్లినిక్‌నే అడగండి. మీరు మమ్మల్ని పిలిచారా, లేక మా చర్చే పంపుతోందా? మాకు రోజూ పని చెప్పే సిస్టర్ ఎవరు? నర్సింగ్ రానివాళ్లకు ఇచ్చే పనులు ఏవి? సూది గుచ్చుకుంటే వెంటనే ఇచ్చే హెచ్ఐవీ నివారణ మందు మీ దగ్గర ఉందా, లేకపోతే ఎంత దూరంలో ఉంది?

చివరి ప్రశ్నకు జవాబు రాకపోతే టిక్కెట్ బుక్ చేయొద్దు. మూడో ప్రశ్నకు "అన్నీ చేయొచ్చు, కాన్పులు కూడా చేయిస్తాం" అని జవాబు వస్తే అసలు వెళ్లొద్దు. అలా చెప్పే చోట తల్లులంటే లెక్క లేదని అర్థం.

మీలో ఎవరైనా నర్సులుంటే, మన రిజిస్ట్రేషన్ అక్కడ దానంతట అదే చెల్లదు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ అనుమతి లేకుండా మీరూ సహాయకులే.

2. టీకాలు: లెక్క వెనక నుంచి వేసుకోండి

హెపటైటిస్ బి మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. తరవాతి రక్తపరీక్షతో కలిపి ఏడెనిమిది నెలలు పడుతుంది, అందుకే దీన్ని అందరికన్నా ముందు మొదలెట్టండి. మూడూ అయ్యాక ఒకటి రెండు నెలలకు రక్తపరీక్షలో యాంటీబాడీ 10 యూనిట్లు దాటిందో లేదో చూపించుకోండి. టీకా వేయించుకోవడంతో పని అయిపోదు, అది పట్టిందని తెలియాలి.

ఎల్లో ఫీవర్ దగ్గర మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. ఇండియా నుంచి నేరుగా వెళ్తే కెన్యాలో సర్టిఫికెట్ అడగరు కాబట్టి అవసరం లేదనుకుంటారు. అడిగేది తిరిగొచ్చేటప్పుడు, మన విమానాశ్రయంలో. పసుపు కార్డు (ఈ టీకా సర్టిఫికెట్) లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం వాళ్లకుంది. టీకా వేసిన 10 రోజుల తరవాతే కార్డు చెల్లుతుంది, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. ఈ టీకా ఊరి క్లినిక్‌లో దొరకదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మనకు దగ్గరలో ఉన్నవాటిలో ఒకటి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. హైదరాబాద్ వైపు పనుంటే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). ముందే ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో కనుక్కోండి. జిరాక్స్ కాదు, అసలు పాస్‌పోర్టే చేతిలో ఉండాలి. గర్భిణులకు, గుడ్డు పడనివాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు, అరవై దాటినవాళ్లకు ఈ టీకా విషయంలో డాక్టర్ మాటే వినాలి.

మలేరియా: నైరోబీ ఎత్తు మీద ఉంది కాబట్టి అక్కడ తక్కువ. సరస్సు వైపు కిసుముకో, సముద్రం వైపు మొంబాసాకో వెళ్తే ఎక్కువ. ఏ మాత్ర వాడాలో డాక్టర్ రాస్తారు. తప్పు జరిగేది చివర్లో, ఇంటికొచ్చాం కదా అని మానేస్తారు. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా 4 వారాలు మింగాలి.

3. ముందు మన ఊళ్లో పది రోజులు

మీకు తెలిసిన నర్సింగ్ హోమ్‌లోనో, పీహెచ్‌సీలోనో డాక్టరమ్మ అనుమతి తీసుకుని పది రోజులు పనిచేయండి. దుప్పట్లు మార్చండి, బకెట్లు కడగండి, తల్లులకు గ్లాసుతో నీళ్లివ్వండి. అప్పుడే మీకు రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, రక్తం, ఉమ్మనీరు, మాయ చూసి మీరు నిలబడగలరా లేదా. రెండు, గంటల తరబడి ఏ పనీ చెప్పకుండా ఒక మూల నిలబెడితే చిరాకు పడకుండా ఉండగలరా లేదా. రెండోదే కష్టం.

కళ్లు తిరగడం తప్పేం కాదు. వార్డులోకి వచ్చే ముందు ఇడ్లీయో ఏదో తినండి. మోకాళ్లు బిగబట్టి నిలబడొద్దు. చెవుల్లో హోరు మొదలైతే వెంటనే గోడకానుకుని నేల మీద కూర్చోండి. సిగ్గుపడి నిలబడే ఉంటే పడిపోతారు, అప్పుడు సిస్టర్ తల్లిని వదిలి మిమ్మల్ని చూడాల్సి వస్తుంది. మా టీమ్‌లో ఒక డిగ్రీ కుర్రాడు అలా పడి గడ్డం చీల్చుకున్నాడు.

పది రోజుల్లో నచ్చలేదా? టీమ్‌లో వంట, ఖాతాలు, సరుకుల పని తీసుకోండి. అదీ సేవే.

4. చేతులు కడగడం, మీరు అనుకున్నంత బాగా రాదు

సబ్బు, ధార నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. ఎలా చెక్ చేసుకోవాలంటే, రెండు చేతులకూ గ్లవ్స్ తొడుక్కుని, అరచేతిలో చెంచాడు వాటర్ కలర్ వేయించుకుని, కళ్లు మూసుకుని సబ్బు రాసుకున్నట్టే రాయండి. కళ్లు తెరిచి చూడండి. రంగు అంటని చోటు మీ సబ్బు అంటని చోటే. దాదాపు అందరికీ బొటనవేళ్లు, వేళ్ల కొసలు, చెయ్యి వెనక భాగం మిగిలిపోతాయి. రంగు మొత్తం అంటేదాకా ఇంట్లోనే నేర్చుకోండి.

గ్లవ్స్ వేసుకున్నాం కదా అని అదే చేత్తో తలుపు, ఫోన్, తల్లి గ్లాసు ముట్టుకోవడం రెండో పెద్ద తప్పు. గ్లవ్స్ తీశాక మళ్లీ చేతులు కడగాలి.

నేల తుడవమంటే క్లోరిన్ నీళ్లు 0.5 శాతం కలపమంటారు. సీసా మీద శాతం చదవండి. 5 శాతం అని ఉంటే ఒక పాలు బ్లీచ్‌కి 9 పాళ్లు నీళ్లు. 3.5 శాతం అయితే 6 పాళ్లు. ఏ రోజుది ఆ రోజే కలపాలి. ఫినాయిల్ గానీ, బాత్రూమ్ కడిగే యాసిడ్ గానీ అందులో పోయొద్దు, యాసిడ్ కలిస్తే విషవాయువు వస్తుంది.

5. పది మాటలు నేర్చుకోండి, గడియారం మళ్లీ నేర్చుకోండి

పడమటి కెన్యాలో లువో, లుహ్యా లాంటి సొంత భాషలున్నాయి, స్వాహిలి అందరికీ ఉమ్మడి. ఇవి చాలు: మాజీ అంటే నీళ్లు, పోలే అంటే "అయ్యో, నీ కష్టం చూస్తున్నాను" అన్నట్టు, పుమువా అంటే ఊపిరి తీసుకో, ఉచుంగు అంటే నొప్పి, దాము అంటే రక్తం, మ్తోతో అంటే బిడ్డ, న్దియో అంటే అవును, హపానా అంటే కాదు, అసాంతే అంటే మన ధన్యవాదాలు, హరక అంటే త్వరగా. దావా అంటే మందు, మన దవాఖానాలోని దవానే. దుకా అంటే దుకాణం. దాదా అంటే మాత్రం అక్కచెల్లెలు, నవ్వకండి.

సుకుమా అంటే "తొయ్యి, ముక్కు". ఇది తెలిసినా మీ నోట రాకూడదు. ఎప్పుడు ముక్కాలో చెప్పేది సిస్టర్. గర్భసంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కిస్తే తల్లి అలిసిపోతుంది.

ఇప్పుడు గడియారం. స్వాహిలిలో పగటి గంటలు పొద్దు పొడిచినప్పటి నుంచి, రాత్రి గంటలు పొద్దు గుంకినప్పటి నుంచి లెక్క. మన ఏడు గంటలు వాళ్లకు ఒకటో గంట. సా తాతు అంటే మూడో గంట, అంటే మన తొమ్మిది. మొదటి ట్రిప్‌లో ఒక తల్లిని నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయని సిస్టర్ నన్ను అడగమంది. "సా తాతు, ఉసికు" అంది ఆమె. రాత్రి మూడు అని రాసేశాను. నిజానికి రాత్రి తొమ్మిది. ఆరు గంటల తేడా. ఎంతసేపటి నుంచి నొప్పులు పడుతోంది అన్న లెక్క మీదే ఆమెను పెద్దాసుపత్రికి పంపాలా వద్దా అన్నది నడుస్తుంది. సిస్టర్ కాగితం చూసి, తల్లి ముఖం చూసి, మళ్లీ అడిగి దిద్దింది. అప్పటి నుంచి నేను ఏ సమయం విన్నా "పొద్దు పొడవక ముందా, తరవాతా? చీకటి పడి ఎంతసేపైంది?" అని అడిగి రాస్తాను. మీరూ అలాగే చేయండి, రాసింది సిస్టర్‌కి చదివి వినిపించండి.

6. నొప్పులు పడుతున్న తల్లి పక్కన

ఆమె ఒప్పుకుంటేనే మీరు గదిలో ఉండాలి. సిస్టర్ ఒప్పుకుంటే సరిపోదు. తనకు తోడుగా అమ్మో, అక్కో కావాలంటే ముందు వాళ్లకు చోటివ్వండి. మగవాళ్లు అసలు లోపలికి వెళ్లనక్కర్లేదు. నీళ్ల డ్రమ్ములు, జనరేటర్ వాళ్ల కోసమే ఉంటాయి.

నొప్పి వచ్చినప్పుడు నడుము కింది భాగంలో అరచేత్తో గట్టిగా, నిదానంగా ఒత్తండి. నొప్పి తగ్గాక గుక్కెడు నీళ్లు. నడవగలిగితే నడిపించండి. వెల్లకిలా కదలకుండా పడుకోబెట్టే అలవాటు మన దగ్గరా ఉంది, పక్కకు తిరిగి ఉంటే మేలు. ఎక్కువ మాట్లాడకండి. "పోలే, మామా" అని చెయ్యి పట్టుకుంటే చాలు.

పొట్ట మీద మాత్రం చెయ్యి వేసి కిందికి నొక్కొద్దు. బిడ్డ త్వరగా వస్తుందని మన మంత్రసానులు చేసేవాళ్లు, ఇప్పటికీ కొన్ని చోట్ల చేస్తారు. గర్భసంచి చీలే ప్రమాదం ఉంది. తల్లి అత్తగారు అడిగినా మీరు చేయకండి.

7. ఇవి కనబడితే పరుగెత్తండి

మీరు కారణం కనిపెట్టక్కర్లేదు. చూడడం, పిలవడం మీ పని.

- కాన్పు తరవాత గుడ్డ త్వరత్వరగా తడిసిపోవడం, తల్లి ముఖం పాలిపోవడం. సగం లీటరు రక్తం పోతే అది ప్రమాదమే, కానీ కంటితో చూస్తే ఎప్పుడూ తక్కువగానే అనిపిస్తుంది. అందుకే "కొంచెమేలే" అనుకోవద్దు, దుప్పటి ఎత్తి నడుము కింద చూడండి. అక్కడే మడుగు కడుతుంది.
- విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ.
- పుట్టిన బిడ్డ ఏడవకపోవడం, వాలిపోయి ఉండడం, నిమిషానికి 60 కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీయడం, పాదాలు చల్లబడడం.

"దక్తారి, హరక!" అని అరవండి. తల్లి దగ్గర ఒకరు ఉండాలి, ఒకరే పరుగెత్తాలి. మొదటి రోజే, ఎవరిని ఏ తలుపు దగ్గర పిలవాలో నడిచి చూసుకోండి. రాత్రి కరెంటు లేనప్పుడు ఆ దారి ఇంకోలా ఉంటుంది.

8. బిడ్డ దగ్గర

తుడిచి ఆరబెట్టి, తల్లి రొమ్ము మీద వేసి, ఇద్దరినీ కప్పి, తలకు టోపీ. మొదటి గంటలో ముర్రుపాలు. ఇరవై నాలుగు గంటల దాకా స్నానం వద్దు. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం, బొడ్డు మీద పసుపో బూడిదో వద్దు. అక్కడి అవ్వలూ మన అవ్వలూ ఈ విషయంలో ఒకటే. వాళ్లతో వాదించడం మీ పని కాదు, సిస్టర్‌కి చెప్పండి. బరువు తక్కువ బిడ్డల్ని కంగారూలా చర్మానికి చర్మం ఆనించి కట్టే పద్ధతి 1978లో కొలంబియాలో మొదలైంది. అక్కడి ఆడవాళ్లు లెసో అనే నూలు గుడ్డతో ఆ కట్టు మీకంటే బాగా కడతారు, చూసి నేర్చుకోండి.

బిడ్డ వెచ్చగా ఉందో లేదో నుదురు ముట్టుకుని తేల్చకండి. పాదం ముట్టుకోండి.

9. సూది గుచ్చుకుంటే

సూదులు మీ పని కాకపోయినా దుప్పట్లలో దొరుకుతాయి. అందుకే మురికి దుప్పట్లను గుండెకు హత్తుకుని ఎత్తొద్దు. నాలుగు మూలలూ లోపలికి మడిచి, ఒంటికి దూరంగా పట్టుకోండి. సూది కనబడితే మూత పెట్టే ప్రయత్నం చేయకుండా సిస్టర్‌ని పిలవండి.

గుచ్చుకుంటే సబ్బు, ధార నీళ్లతో కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, బ్లీచ్ పోయొద్దు. ఆ క్షణమే చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందు 72 గంటలు దాటితే పనికిరాదు. మొదటి కొద్ది గంటల్లోనే మొదలెట్టడం మేలు, 28 రోజులు వాడాలి. "టీమ్ పరువు పోతుంది, ఊరెళ్లాక చూపించుకుంటాలే" అని దాచిన అమ్మాయి నాకు తెలుసు. రెండో రోజు రాత్రి ఏడుస్తూ చెప్పింది. సమయానికి మందు పడింది కాబట్టి సరిపోయింది.

10. ఫోటోలు, ప్రార్థన

ఫోన్ వార్డు బయట. తల్లి సరేనన్నా ఫోటో వద్దు. నొప్పుల్లో ఉన్న మనిషి, ఉచితంగా వైద్యం పొందుతున్న మనిషి మీకు కాదని ఎలా చెప్పగలదు? మీ కూతురి కాన్పు ఫోటో ఎవరో పరాయి దేశంవాళ్లు పెట్టుకుంటే ఊరుకుంటారా?

ప్రార్థన ఆమె అడిగితే చేయండి. అడగకపోతే మనసులో చేసుకోండి. ఈ మాట అన్నందుకు మా టీమ్‌లో ఒక పెద్దాయన నొచ్చుకున్నాడు. ఆయనకు మన ఒంగోలు సంగతే చెప్పాను. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. కరువు తీరాక, 1878 జులై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆకలిగొన్నవాళ్ల దగ్గర ఆయన ఆగాడు. నొప్పులు పడుతున్న తల్లి దగ్గర మనం ఆగలేమా అన్నాను. పెద్దాయన ఏమీ అనలేదు గానీ, మర్నాటి నుంచి వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు.

11. తిరిగొచ్చే ముందు, వచ్చాక

చివరి రోజు సిస్టర్‌ని ఒకటి అడగండి: మా వల్ల మీకు పని తగ్గిందా, పెరిగిందా? మర్యాదకు తగ్గిందనే అంటుంది. ఏ పనులు మళ్లీ చేసుకోవాల్సి వచ్చిందో చెప్పమనండి, అప్పుడు నిజం వస్తుంది. మాకు వచ్చిన జవాబు, మేం మడిచిన గుడ్డలన్నీ క్రిములు చంపే ఆవిరి పెట్టె సైజుకు సరిపోక మళ్లీ మడిచారని. రెండో ట్రిప్‌లో ముందు సైజు అడిగాం.

గ్లవ్స్, బ్లీచ్ లాంటివి ఇవ్వాలనుకుంటే ఇక్కడి నుంచి మోయకండి. క్లినిక్ జాబితా రాసిస్తుంది, అక్కడి దుకాణంలోనే కొనివ్వండి.

ఇంటికొచ్చాక మూడు నాలుగు నెలల్లో, ఆ తరవాతైనా సరే, జ్వరం వస్తే మాత్రలు సక్రమంగా మింగినా సరే అదే రోజు మలేరియా పరీక్ష చేయించుకోండి. ఊళ్లో డాక్టర్ టైఫాయిడో, డెంగీయో అనుకుంటారు. నోరు తెరిచి "కెన్యా వెళ్లొచ్చాను" అని మీరే చెప్పాలి. పసుపు కార్డు పాస్‌పోర్ట్‌తో కలిపి కట్టి పెట్టండి. మళ్లీ వెళ్లేటప్పుడు బీరువా అంతా వెతికేది దానికోసమే.